‘యూస్డ్ టు’ గురించి పిల్లలకు

కోడంబాక్కం, చెన్నై

చిరంజీవులకు,

మీ ఇంగ్లీషు వ్యాసాలు చదివాను. విషయం చక్కగా నడిపారు గానీ, ‘యూస్డ్ టు’ వచ్చిన చోటల్లా తరువాతి క్రియ ఏ రూపంలో ఉండాలో తేల్చుకోలేకపోయారు. ఆ ఒక్క సంగతే వివరంగా వ్రాస్తున్నాను.

మొదటి ప్రయోగం ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని వాడుకను చెబుతుంది. మనం ‘వెళ్ళేవాళ్ళం’, ‘తీసేవారు’ అనేది ఇదే. ఒకప్పుడు ఎన్నో తెలుగు సినిమాలు మా కోడంబాక్కం స్టూడియోల్లో తయారయ్యేవి కనుక, ‘మెనీ తెలుగు ఫిల్మ్స్ యూస్డ్ టు బి మేడ్ ఇన్ కోడంబాక్కం’ అంటాం. 1996లో పేరు మారక మునుపటి సంగతిగా ‘పీపుల్ యూస్డ్ టు కాల్ ది సిటీ మద్రాస్’ అనవచ్చు. నా ఈడువాళ్ళు ఇప్పటికీ మద్రాసనే అంటారు కాబట్టి ఆ వాక్యం మాకు వర్తించదనుకోండి. రెండింటిలోనూ ‘టు’ తరువాత ‘బి’, ‘కాల్’ మూలరూపంలోనే ఉన్నాయి. ఈ ప్రయోగానికి వర్తమానకాలం లేదు. ఇప్పటి అలవాటును ‘ఐ యూజ్ టు గో’ అని కాక, ‘ఐ యూజువల్లీ గో’ అని చెప్పాలి. ప్రశ్నలో భూతకాలాన్ని ‘డిడ్’ మోస్తుంది గనుక, ‘డిడ్ యు యూస్ టు’ అని వ్రాసేటప్పుడు చివరి ‘డి’ అక్షరం ఉండదు. పలికేటప్పుడు రెండూ ‘యూస్టు’ అనే వినబడతాయి కాబట్టి ఈ తప్పు వ్రాతలోనే బయటపడుతుంది.

రెండవది అలవాటు పడి ఉండటం. దీనికి ముందు ‘యామ్’, ‘వజ్’, ‘గెట్’ వంటి క్రియ తప్పక ఉంటుంది. కాలాన్ని బట్టి మారేది అదే, ‘యూస్డ్’ ఎన్నడూ మారదు. 2015లో ఇక్కడ మెట్రో రైలు మొదలయ్యాక బస్సులకు అలవాటైన మేము మెల్లగా దానికీ అలవాటు పడ్డాం: ‘వి వర్ యూస్డ్ టు ట్రావెలింగ్ బై బస్, వి గాట్ యూస్డ్ టు ట్రావెలింగ్ బై మెట్రో’. ఇక్కడి ‘టు’ మన ‘కు’ విభక్తి వంటిది. ‘ఎండకు అలవాటు పడ్డాను’ అన్నట్లు దాని తరువాత నామవాచకమే రావాలి. క్రియను పెట్టదలిస్తే ‘ఇంగ్’ చేర్చి నామవాచకంగా మార్చాలి.

సందేహం వస్తే ‘టు’ తరువాత ‘ది హీట్’ వంటి నామవాచకాన్ని ఉంచి చూడండి. అది ఇమిడితే క్రియకు ‘ఇంగ్’ కావాలి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్’ సరిపోతుంది కాబట్టి, మీ ఉత్తరాల చివర ఉండవలసినది ‘టు సీ యు’ కాదు, ‘టు సీయింగ్ యు’. ఆఫీసు ఉత్తరాల్లో పెద్దవాళ్ళు కూడా దీన్ని యథేచ్ఛగా తప్పు వ్రాస్తారు. వారిని చూసి నేర్చుకోవద్దు.

పనిలో పనిగా ఇంకొక్క మాట. ‘గివ్ అప్’ వంటి జంటమాటల్లో కాలం మొదటి మాటకే అంటుతుంది: గేవ్ అప్, గివెన్ అప్. మీలో ఒకరు ‘లాగిన్డ్’ అని వ్రాశారు. తెలుగులో ‘లాగిన్ అయ్యాను’ అని కలిపి అంటాం కాబట్టి అది ఒకే క్రియ అనిపించడం సహజమే. ఇంగ్లీషులో కలిపి వ్రాస్తే అది నామవాచకం. క్రియగా ‘లాగ్’, ‘ఇన్’ విడివిడి మాటలు కనుక ‘లాగ్డ్ ఇన్’ అనే వ్రాయాలి. ‘సెటప్’ కూడా ఇంతే. కాకపోతే ‘సెట్’ భూతకాలంలోనూ ‘సెట్’గానే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య