క్రాంక్ ముక్కు మీది టైమింగ్ పుల్లీ: అపోహలు - వాస్తవాలు

టైమింగ్ బెల్టు బాగానే ఉన్నా టైమింగ్ (పిస్టన్లకూ వాల్వులకూ మధ్య పొంతన) తప్పిందని డీజిల్ బండి వస్తే, నేను ముందు చూసేది క్రాంక్ ముక్కు (పిస్టన్ల బలంతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ కొస) మీదుండి ఆ బెల్టును తిప్పే చిన్న పుల్లీని. దాని గురించి షెడ్లలో నమ్మే కొన్ని మాటల వల్ల ఇంజిన్లే పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పుల్లీని పట్టి ఉంచేది కీ (పుల్లీకీ క్రాంక్‌కీ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఉక్కు ముక్క). అరిగితే కొత్త కీ వేస్తే చాలు.

పుల్లీని సరైన చోట కూర్చోబెట్టడం వరకే కీ పని. లోడ్ మోసేది బోల్టు బిగింపు. బోల్టు పుల్లీని క్రాంక్‌కేసి గట్టిగా అదిమి పెడుతుంది, ఆ ఒరిపిడి వల్లే పుల్లీ జారదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు రెండు పవర్ స్ట్రోకులు పడతాయి. ప్రతిసారీ ఒక ఊపు, వెంటనే కాస్త తగ్గుదల. ఇంజెక్షన్ పంపు కూడా అదే బెల్టు మీదుంటే ఆ లాగుడు అదనం. బిగింపు సడలిన పుల్లీ ఈ ఊపులకు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ కీనీ, గాడినీ నలిపేస్తుంది. కీ తెగిందంటే బిగింపు అంతకుముందే పోయిందన్నమాట.

ముక్కు వ్యాసం 30 మి.మీ. అనుకోండి, చుట్టుకొలత సుమారు 94 మి.మీ. అక్కడ 1 మి.మీ. ఆట (వదులు) అంటే క్రాంక్ తిరుగుడులో దాదాపు 4 డిగ్రీల తేడా. పొగ, శబ్దం, పొద్దున్నే స్టార్టింగ్ కష్టం అక్కడే మొదలవుతాయి. ఇంకా జరిగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

అపోహ: వెల్డింగ్ పెడితే జన్మలో కదలదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కారుకు పుల్లీని ముక్కుకు మూడుచోట్ల వెల్డ్ చేసి ఉంది. ఆ వేడికి ఆయిల్ సీల్ మాడిపోయి కారుతోంది. పుల్లీ వంకరగా తిరుగుతూ బెల్టు అంచును తినేస్తోంది. సీల్ మార్చాలంటే పుల్లీని కోయక తప్పలేదు. క్రాంక్ కూడా పోయిందని ఆ ఓనరుగారికి చెప్పడం నాకు చాలా కష్టమైంది. చాలా పుల్లీలు లోహపు పొడిని అచ్చులో నొక్కి, వేడి చేసి తయారుచేసినవి, వెల్డ్ వాటికి సరిగా పట్టదు. క్రాంక్ ఉక్కేమో వెల్డ్ పక్కన పెళుసెక్కి పగులుతుంది.

ముక్కు కొద్దిగా అరిగితే కొత్త పుల్లీ, కొత్త కీ, వాటితో రిటైనింగ్ కాంపౌండ్ (సందులో గట్టిపడి భాగాలను పట్టి ఉంచే జిగురు) వాడొచ్చు. లాక్‌టైట్ 660 లాంటిది 0.5 మి.మీ. వరకు సందు నింపుతుంది. దాన్ని బోరులో (పుల్లీ మధ్య రంధ్రంలో), గాడిలోనే వేయాలి. బిగింపు పడే ముఖాలు మాత్రం నూనె చుక్క లేకుండా పొడిగా ఉండాలి. గాడి వెడల్పైతే లేత్ షాపులో మెట్టు కీ (ఒక సగం వెడల్పుగా, మరో సగం మామూలుగా ఉండే కీ) చేయించాలి. అంతకు మించితే క్రాంక్ దించి, ముక్కు నింపి గ్రైండింగ్ చేయించడమే మార్గం. కీకి ఎదురుగా డోవెల్ పిన్ (గుండ్రటి ఉక్కు పిన్) దించి బలం ఇవ్వడం కూడా ఉంది కానీ, బోల్టు రంధ్రం చుట్టూ గోడ పల్చగా ఉంటే నేను ఒప్పుకోను.

అపోహ: పాత బోల్టే గన్‌తో (బోల్టులు బిగించే ఇంపాక్ట్ మెషిన్‌తో) బిగిస్తే సరి.

సాగి పట్టే రకం బోల్టు ఒక్కసారికే. ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐ ఇంజిన్లలో కొన్నింటికి కొత్త బోల్టు వేసి 120 న్యూటన్ మీటర్లు బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి. అంత బలం గన్‌తో అంచనాకు రాదు. రంధ్రం అడుగున ఆయిల్ నిలిచి ఉంటే టార్క్ వచ్చినట్టే అనిపిస్తుంది, బిగింపు మాత్రం పడదు. బిగించేటప్పుడు టైమింగ్ పిన్ (క్రాంక్‌ను సరైన టైమింగ్ దగ్గర నిలిపే పిన్) మీద బలం పెట్టకండి, ఫ్లైవీల్‌ను లాక్ చేయండి.

బెల్టు వేశాక క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకుండా బెల్టు మళ్లీ విప్పండి.