సెంటర్‌బోర్డ్ ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకునే పిల్లలు తెరచాప సంగతి తొందరగానే పట్టేస్తారు. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దిగే పలక దగ్గరే తికమక పడతారు. ఆప్టిమిస్ట్, లేజర్ పడవల్లో దాన్ని నిలువుగా పైకి లాగుతాం, అది డాగర్‌బోర్డ్. 420, 470 అనే ఇద్దరు నడిపే పడవల్లో ఇరుసు మీద తిరిగి వెనక్కి లేస్తుంది, అది సెంటర్‌బోర్డ్.

అపోహ: బోర్డు బరువే పడవను బోల్తా పడకుండా ఆపుతుంది.

వాస్తవం: పెద్ద కీల్ పడవల్లో అది నిజమే, అడుగున సీసమో ఇనుమో ఉంటుంది. మన చిన్న పడవల బోర్డును పదేళ్ల పిల్లాడు చంకలో పెట్టుకుని నడుస్తాడు. పడవను నిలబెట్టేది అంచు మీద వేలాడే మన ఒళ్లే. గాలి పక్కకు నెడుతుంటే పడవ జారిపోకుండా పట్టుకోవడమే బోర్డు పని.

అపోహ: గాలి పెరిగితే బోర్డు మొత్తం దించి ఉంచాలి.

వాస్తవం: గాలికి ఎదురెక్కే బీట్‌లో మామూలుగా పూర్తిగా దించాల్సిందే. గాలి తక్కువైతే మరీనూ, ఎందుకంటే వేగం లేని బోర్డుకు పట్టు తక్కువ. కానీ గాలి జోరుగా ఉండి, తేలికైన కుర్రాడు పడవను నిటారుగా ఉంచలేకపోతుంటే కథ మారుతుంది. లోతుగా దిగిన బోర్డు పడవను ఇంకా ఒరిగిస్తుంది. అప్పుడు కాస్త ఎత్తండి. 470లో బోర్డు వెనక్కి కూడా జరుగుతుంది కాబట్టి పడవ గాలివైపు తిరగబోయే మొండితనం తగ్గుతుంది, చుక్కాని చేతికి తేలికవుతుంది. డాగర్‌బోర్డ్‌తో ఆ రెండో లాభం పెద్దగా ఉండదు. ఎక్కువ ఎత్తారో, పక్కకు జారిపోతారు. పక్క పడవ గాలివైపు నుంచి దాటిపోతుంది.

అపోహ: గాలిని వెనకేసుకుని పోయే రన్‌లో ఎంత పైకెత్తితే అంత వేగం.

వాస్తవం: వెనకగాలిలో పక్కకు నెట్టే బలం దాదాపు ఉండదు, కాబట్టి ఎత్తడం సరే. కానీ గాలి గట్టిగా ఉన్నప్పుడు మొత్తం ఎత్తితే పడవ ఉయ్యాలలా ఊగి, ఉన్నట్టుండి గాలివైపుకే పడిపోతుంది. పావు వంతైనా కింద ఉంచండి. లేజర్‌లో ఇంకో చిక్కు: జైబ్‌లో, అంటే వెనకగాలిలో తెరచాపను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పేటప్పుడు, బూమ్‌ను (తెరచాప అడుగు కర్రను) కిందికి లాగే తాడు ఎత్తిన బోర్డుకు తగులుకుంటుంది. నా మొదటి సీజన్‌లో అలాగే తగులుకుని మునిగాను, ఒడ్డున ఉన్నవాళ్లంతా చూశారు.

గాలి పక్కనుంచి వచ్చే రీచ్‌లో సగం ఎత్తితే చాలు.

అపోహ: కింది మార్క్ (రేసులో రన్ ముగిసి బీట్ మొదలయ్యే చోట తేలే గుర్తు) తిరిగాక బోర్డు దించొచ్చు.

వాస్తవం: అప్పటికే ఆలస్యం. తిరుగుతూనే పక్కకు జారతారు, మార్క్‌కూ మీకూ మధ్య వచ్చిన సందులో వెనకవాడు దూరిపోతాడు. మూడు నాలుగు పడవల దూరం ఉండగానే దించేయండి.

చెత్త సంగతి కూడా చెప్పాలి. మన చెరువులో గుర్రపుడెక్క వేళ్లో, ప్లాస్టిక్ కవరో చుట్టుకుంటే పడవ ఎందుకో బరువెక్కినట్టుంటుంది. డాగర్‌బోర్డ్ అయితే ఒకసారి పైకి లాగి దించండి, చాలాసార్లు జారిపోతుంది.

అపోహ: ఆప్టిమిస్ట్‌లో బోర్డుకు కట్టే రబ్బరు తాడు కేవలం రూల్ కోసమే.

వాస్తవం: పడవ పూర్తిగా తలకిందులైతే, తాడు లేని బోర్డు ఒరలోంచి జారి వెళ్లిపోతుంది. అది పోయాక పడవను తిప్పడానికి పిల్లాడికి పట్టు దొరకదు.