పొగ కనబడట్లేదు కదా, ఇంకేం ఆడిట్ అంటారా?

గుంటూరు చుట్టుపక్కల మిల్లులకి బాయిలర్ ఆడిట్‌కి, అంటే ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో కొలవడానికి వెళ్తే గేటు దగ్గరే ఎదురయ్యే మాట ఇది.

అపోహ: పొగ లేదంటే బాగా మండుతున్నట్టే.
వాస్తవం: నల్లపొగ వస్తే గాలి చాలట్లేదని అర్థం, నిజమే. అసలు పొగే లేదంటే గాలి మరీ ఎక్కువైందేమో కూడా. అక్కర్లేని గాలంతా మీ ఊకతోనే కాగి చిమ్నీలోంచి పోతుంది. అది కంటికి తెలియదు, అనలైజర్ పెట్టి చిమ్నీ వాయువుల్లో ఆక్సిజన్ శాతం చూడాల్సిందే. చిమ్నీ దగ్గర ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గితే సుమారు 1 శాతం ఇంధనం మిగులుతుంది. ట్యూబులకి మసి పట్టేకొద్దీ ఆ ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది.

అపోహ: కండెన్సేట్ (ఆవిరి వేడినిచ్చి మళ్లీ నీరైనది) అంటే వాడేసిన నీళ్లు.
వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ వెనక కాలువలోంచి పొగలు లేస్తున్నాయి. డ్రయ్యర్ కాయిల్స్ నుంచి వచ్చే నీళ్లవి. హమాలీ ఒకాయన స్నానానికి బకెట్‌తో పట్టుకుంటున్నాడు. పది అడుగుల దూరంలో బాయిలర్‌కి నీళ్లిచ్చే ఫీడ్ ట్యాంకు, చెయ్యి పెడితే చల్లటి బోరు నీళ్లు, 32 డిగ్రీలు! ఫీడ్ వాటర్ ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 శాతం ఇంధనం ఆదా. 32 నుంచి 80కి తెస్తే 8 శాతం. పైగా ఆ నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు. వడ్లలోకి నేరుగా వదిలిన ఆవిరి ఎటూ తిరిగి రాదు, కాయిల్స్‌లోది వస్తుంది. ఒక్క జాగ్రత్త: ట్యాంకు ఎత్తులో లేకపోతే వేడి నీళ్లకి ఫీడ్ పంపు మొరాయిస్తుంది. ఆ నీళ్లని ట్యాంకుకి మళ్లించే లైను వేశాక హమాలీ వచ్చి, "నా నీళ్లేవి సార్?" అన్నాడు. ఆయనకో కుళాయి పెట్టించాం.

అపోహ: బ్లోడౌన్ (ఉప్పులు పేరుకోకుండా బాయిలర్ నీళ్లు కొంత వదలడం) ఎంత కొడితే అంత మంచిది.
వాస్తవం: టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపేది) చూసి కొట్టండి. షిఫ్టుకి ఇన్నిసార్లని లెక్కపెట్టుకుని వదిలితే కాచిన నీళ్లు కాలువపాలు. అలాగని మానేసినా ప్రమాదమే.

అపోహ: ఊక సొంతదే, ఆదా చేసి ఏం లాభం?
వాస్తవం: మిగిలిన ఊక కొనేవాళ్లుంటే అమ్ముకోండి. ఇంతకన్నా ఏం చెప్పను!

అపోహ: ఆడిట్ చేయాలంటే బాయిలర్ ఆపాలి.
వాస్తవం: ఆపితే కొలవడానికి ఏమీ ఉండదు. మామూలు లోడులో ఒక షిఫ్టు నడపండి, ఊక తూకం వేయడానికి ఒక మనిషిని ఇవ్వండి. చాలు.