ఒంట్లో కరిగే గాజు: అయాన్లపై అపోహలు, వాస్తవాలు

నేను గాజు చేస్తాను. కిటికీలకు కాదు, చీముపట్టిన ఎముకలకు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎదుటివారి ముఖంలో ఒకే ప్రశ్న కనిపిస్తుంది. కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అపోహ: గాజు ఒంట్లో కరగదు, గుచ్చుకుంటూ ఉండిపోతుంది.

వాస్తవం: కిటికీ గాజులో సిలికా 70 శాతానికి పైమాటే. అందుకే అది నీటికి లొంగదు. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త లారీ హెంచ్ చేసిన 45ఎస్5 అనే గాజులో సిలికా 45 శాతమే. మిగతాది సోడియం, కాల్షియం ఆక్సైడ్లు, కొద్దిగా ఫాస్ఫరస్. అల్లిక వదులు కనుక శరీర ద్రవం తగలగానే అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, బయటికి వస్తాయి. గాజు మీద ఎముక ఖనిజాన్ని పోలిన పొర కడుతుంది. ఎముక దానికి అతుక్కుని పెరుగుతుంది.

అపోహ: అందులో యాంటీబయాటిక్ దాచిపెడతారు.

వాస్తవం: దీర్ఘకాలపు ఎముక ఇన్ఫెక్షన్లలో వాడే ఎస్53పి4 అనే గాజులో ఏ మందూ లేదు, బాక్టీరియాను చంపే వెండి కూడా లేదు. సోడియం బయటికి వచ్చి, దాని స్థానంలోకి నీటిలోని హైడ్రోజన్ అయాన్లు చేరడంతో చుట్టూ బాక్టీరియా తట్టుకోలేని క్షారత పెరుగుతుంది. కరిగిన అయాన్ల వల్ల ద్రవం చిక్కబడి బాక్టీరియా నుంచి నీటిని లాగేస్తుంది. పాత పద్ధతిలో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన యాక్రిలిక్ ప్లాస్టిక్ పూసలు పెట్టేవారు. అవి కరగవు, మళ్లీ కోసి తీయాలి.

అపోహ: అయాన్లు ఎంత ఎక్కువ వదిలితే అంత మంచిది.

వాస్తవం: మా రంగంలోకి కొత్తగా వచ్చినవారూ ఇక్కడే బోల్తా పడతారు. కొన్ని గాజుల్లో కలిపే రాగినే తీసుకోండి. తగు మోతాదులో ఉంటే కణాలు ఆక్సిజన్ తగ్గిందని భ్రమపడి, కొత్త రక్తనాళాలను రప్పించే సంకేతాలు పంపుతాయి. నెత్తురు అందని గాయానికి ఇంతకన్నా కావలసింది లేదు. మోతాదు మించితే అదే రాగి మన కణాలనే చంపుతుంది. వేగమూ అంతే ముఖ్యం: ఉన్నదంతా మొదటిరోజే కుమ్మరించే పదార్థం వారాల తరబడి సాగే ఇన్ఫెక్షన్‌కు ఏం పనికొస్తుంది?

ఒకసారి మా రాగి గాజు పొడి ప్రయోగశాల పళ్లెంలోని బాక్టీరియాను పూర్తిగా తుడిచిపెట్టింది. సంబరపడ్డాం. తర్వాత రాగి లేని గాజుతో అదే పరీక్ష చేస్తే, అదీ అంతే చంపింది! చంపింది రాగి కాదు, కదలక మెదలక ఉన్న ఆ కాస్త ద్రవంలో పెరిగిపోయిన క్షారత. శరీరంలోనైతే రక్తం దాన్ని చాలావరకు కడిగేస్తుంది. వెండిదీ ఇదే కథ: ఒంట్లోని క్లోరైడ్ దానిలో కొంత పట్టుకుని అవక్షేపంగా మారుస్తుంది, ప్రోటీన్లు మరికొంత కట్టిపడేస్తాయి. అందుకే పళ్లెంలో వచ్చిన ఫలితాన్ని మందుగా ప్రకటించే వార్తలు చూస్తే నాకు చిరాకు.

అపోహ: లోహాలకు బాక్టీరియా ఎప్పటికీ అలవాటు పడదు.

వాస్తవం: పడుతుంది. కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా అనే బాక్టీరియా గురించి 1975లోనే వైద్య పత్రికలో వచ్చింది. వెండిని పట్టుకుని బయటికి తోసేసే జన్యువులు దానికి ఉన్నాయని తర్వాత తేలింది.

నాకు ముచ్చటేసేది గాలియం అనే లోహం. దాన్ని విషం అనడం కన్నా మోసం అనడం సబబు. ఇన్ఫెక్షన్ సోకగానే శరీరం ఇనుమును దాచేస్తుంది. ఆకలిగొన్న బాక్టీరియా ఇనుమనుకుని గాలియంను మింగుతుంది. ఇనుములా అది రూపం మార్చి ఎలక్ట్రాన్లను అటూ ఇటూ మోయలేదు, దాంతో ఎంజైములు మొరాయిస్తాయి.

అపోహ: ఇది ఎముకకే తప్ప చర్మానికి పనికిరాదు.

వాస్తవం: సిలికా బదులు బోరేట్ (బోరాన్, ఆక్సిజన్‌ల సమ్మేళనం) వాడితే గాజు ఇంకా త్వరగా కరుగుతుంది. దాన్ని దూదిలా పోగులు తీసి గాయంలో సర్దవచ్చు. అలాంటి ఒకదానికి 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

అపోహ: గాజు నింపితే చాలు, కుళ్లు దానంతటదే పోతుంది.

వాస్తవం: చచ్చిన ఎముకకు రక్తం అందదు. దాని మీద బాక్టీరియా జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది. మాత్రలు, ఇంజెక్షన్లు అక్కడిదాకా సరిగా చేరవు, అయాన్లూ ఆ పొరను పూర్తిగా చీల్చలేవు. ముందు శస్త్రవైద్యుడు రక్తం చిమ్మే మంచి ఎముక కనిపించేదాకా గీకి తీయాలి. యాంటీబయాటిక్‌లు మామూలుగానే నడుస్తాయి. నేను చేసిన గాజు ఆ తర్వాతే, శుభ్రమైన గుంతలోకి వెళుతుంది.