సోలార్ గీజర్: ఆ 1500 యూనిట్ల లెక్క ఎక్కడిది?

సోలార్ గీజర్ కొందామని ఏ షాపుకి వెళ్లినా ఒకే అంకె వినిపిస్తుంది. 100 లీటర్ల ట్యాంకు పెట్టిస్తే ఏడాదికి 1500 యూనిట్ల కరెంటు మిగులుతుందట. ఇది షాపువాళ్లు పుట్టించిన అంకె కాదు. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఎన్నో ఏళ్లుగా తన ప్రచారంలో వాడుతూ వచ్చినదే. తీరా బిగించాక చాలా ఇళ్లలో కరెంటు బిల్లు అంత తగ్గదు. అలాగని అంకె అబద్ధమూ కాదు.

కాగితం మీద వేసి చూడండి. 860 లీటర్ల నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చేయడానికి ఒక యూనిట్ కావాలి. ఆ లెక్కన 100 లీటర్లను 35 డిగ్రీలు పెంచాలంటే 4 యూనిట్ల పైచిలుకు. 365 రోజులకు 1500 దగ్గర తేలుతుంది. అంటే ఏడాది పొడవునా, ఒక్క రోజు కూడా మానకుండా, 25 డిగ్రీల నీళ్లు 60కి కాగి, ఆఖరి చెంబు దాకా ఖర్చయితేనే ఆ ఆదా. మే నెలలో విజయవాడలో వేడినీళ్లు పోసుకునేవాళ్లు ఎవరో నాకైతే తెలియదు.

అసలు నీళ్లు కాచే పని ఎండకు అప్పగించి చాలా కాలమైంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ ఎండతో నీళ్లు కాచే పెట్టెకు 1891లోనే పేటెంటు తీసుకుని అమ్మాడు. ఆ పెట్టెలోని నీళ్లు సాయంత్రానికి వేడిగా ఉండేవి, తెల్లారేసరికి చల్లారిపోయేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండ తగిలే పలకను, నీళ్లు నిలిచే ట్యాంకును వేరుచేసి, ట్యాంకుకు వేడి పోకుండా చుట్టూ కప్పు వేశాడు. మన డాబాల మీద ఉన్నవి ఇప్పటికీ ఆ ఏర్పాటుకు వారసులే.

ఎంత మిగులుతుందన్న లెక్క మాత్రం ఆలస్యంగా కుదిరింది. పలక ఎంత వేడి పట్టగలదో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో హోయ్ట్ హాటెల్ అనే ఇంజినీరు బృందం 1940లలో సూత్రాలు కట్టింది. 1970లలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో క్లెయిన్, బెక్‌మన్, డఫీ కలిసి ‘ఎఫ్-చార్ట్’ అనే పద్ధతి తెచ్చారు. ఎండ, పలక వైశాల్యం, రోజూ వాడే వేడినీళ్లు, ఇవి చెబితే మొత్తం అవసరంలో ఎండ వాటా ఎంతో నెలనెలా చెబుతుంది. మొదటి రెండూ కొలుచుకోవచ్చు. మూడోది ఇంటిల్లిపాది అలవాటు. చిక్కంతా అక్కడే.

మన దేశంలో ప్రభుత్వం చూసిన లెక్క వేరు. 2010లో మొదలైన జాతీయ సోలార్ మిషన్ 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల కలెక్టర్లు, అంటే ఎండ పట్టే పలకలు, అని లక్ష్యం పెట్టుకుంది. ఎన్ని యూనిట్లు మిగిలాయన్నది కాదు, ఎంత పలక పరిచారన్నదే కొలత. 30 శాతం సబ్సిడీ కూడా ఇచ్చి 2014లో ఆపేశారు. విద్యుత్ సంస్థలకు మాత్రం ఇది పొద్దుటి రద్దీ సమస్య. 1000 సోలార్ గీజర్లు రద్దీ వేళ ఒకేసారి పడే లోడ్‌ను (పీక్ లోడ్) 1 మెగావాట్ తగ్గిస్తాయని లెక్క చెప్పేవారు. 2 కిలోవాట్ల గీజర్లు వెయ్యింటిలో సగం ఒకేసారి ఆన్‌లో ఉంటే అంతే అవుతుంది. ఏడాది పొడవునా పొద్దున నీళ్లు చల్లగా ఉండే బెంగళూరులో ఈ వాదన బాగా పనిచేసింది. కర్ణాటక ప్రభుత్వం కరెంటు బిల్లులో రాయితీ ఇచ్చి, కొత్త ఇళ్లకు తప్పనిసరి కూడా చేసింది.

మన బకెట్ స్నానం సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో నలుగురున్న ఇల్లు, తలా 20 లీటర్ల బకెట్. నీళ్లను 25 నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే రోజుకు 1.4 యూనిట్లు. చలికాలంలో 1.9 దాకా. ఎండాకాలం తీసేస్తే ఏడాదికి 400 దరిదాపుల్లో ఆగుతుంది. గీజర్ ట్యాంకు ఊరికే చల్లారే నష్టం కలిపినా 500. ప్రచారంలో చెప్పే దాంట్లో మూడో వంతు! అదీ ఇంతకుముందు గీజరో, హీటర్ రాడ్డో వాడి ఉంటేనే. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టుకునే ఇంట్లో మిగిలేది కట్టెలే, కరెంటు కాదు.

పైపుల గొడవ ఇంకొకటి. డాబా నుంచి కింది బాత్రూంకి ముప్పావు అంగుళం పైపు 15 మీటర్లుంటే అందులోనే సుమారు 4 లీటర్లు నిలుస్తాయి. గంటకొకరు స్నానానికి వెళితే ప్రతిసారీ ముందు చల్లారిన ఆ నీళ్లు రావాల్సిందే. మా ఇంట్లో అయితే ట్యాంకులో ఎండ లేనప్పుడు కరెంటుతో కాచే బ్యాకప్ కాయిల్ పెట్టారు. బిగించిన అబ్బాయి దాని స్విచ్ ఆన్‌లోనే వదిలి వెళ్లాడు. అది రాత్రంతా నీళ్లు కాస్తుంటే పగలు ఎండకు చేయడానికి పెద్దగా పని లేదు. బిల్లు వచ్చాక గానీ మాకు తెలియలేదు.

బ్రిటన్‌లోనూ ఇలాంటివే బయటపడ్డాయి. ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ అనే సంస్థ 88 ఇళ్లలో మీటర్లు పెట్టి కొలిచి 2011లో ఫలితాలు ప్రకటించింది. వేడినీళ్లలో ఎండ వాటా ఒక ఇంట్లో 98 శాతం, ఇంకో ఇంట్లో 9 శాతం. ఇళ్లన్నిటినీ వరసపెడితే నడిమి ఇంట్లో 39. బ్యాకప్ ఏ వేళకు ఆన్ చేస్తారన్నది కూడా ఈ తేడాకు ఒక కారణమని తేలింది.

యూనిట్లను రూపాయల్లోకి మార్చడం ఇంకో తంటా. మిగిలిన యూనిట్ అన్నిటికన్నా ఎక్కువ రేటున్న శ్లాబు నుంచి తగ్గుతుంది కాబట్టి సగటు రేటుతో గుణిస్తే తప్పు. తెలంగాణలో 2022 టారిఫ్ ప్రకారం 200 దాటాక యూనిట్ 7.70 రూపాయలు. 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమనే గృహజ్యోతి పథకం వచ్చి లెక్క మరీ విచిత్రమైంది. ఆ పథకంలో ఉన్న ఇల్లు నెలకు 150 యూనిట్లు కాలిస్తే సోలార్ గీజర్ వల్ల మిగిలేది సున్నా రూపాయలు. 220 నుంచి 190కి దిగితే మాత్రం వెయ్యి దాటిన బిల్లు మొత్తం ఎగిరిపోతుంది. కానీ చాలా ఇళ్లలో మీటర్ 200 దాటేది ఏప్రిల్, మే నెలల్లో, ఏసీ వల్ల. అప్పుడు గీజర్ స్విచ్ ఎవరూ ముట్టుకోరు. డాబా మీద సింటెక్స్ ట్యాంకు నీళ్లే చెయ్యి కాలేలా ఉంటాయి.