బరోక్ బాల్‌రూమ్‌లో పాలరాయి ఎక్కడుంది? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఇటలీలో పాత భవనాల గోడచిత్రాలకు, గారపనికి మరమ్మతు చేయడం నా వృత్తి. ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే అందరి నోటా మొదట వచ్చే మాట ఒకటే: "అబ్బ, ఎంత పాలరాయి, ఎంత బంగారం!" అప్పుడు నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. ఆయన సున్నం మేస్త్రి. గానుగలో ఆడించిన డంగు సున్నానికి కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పట్టించి గోడను అద్దంలా తీర్చేవాడు. ఈ హాళ్లలో నిలబడితే ఆయన కళ్లు వెతికేది రాయిని కాదు, సున్నాన్నే.

బరోక్ అంటే 17, 18 శతాబ్దాల్లో యూరప్‌లో నడిచిన ఆడంబరమైన అలంకార శైలి. ఉదాహరణకు వెనిస్‌లోని కా రెజ్జోనికో అనే పాత భవంతిలో ఉన్న బాల్‌రూమ్‌ను, అంటే నాట్యాల హాలును తీసుకుంటాను. అక్కడ నేను పని చేయలేదు గానీ, వెనిస్ వెళ్లిన ప్రతిసారీ ఒక పూట అక్కడే గడుపుతాను. ఇప్పుడా భవంతి 18వ శతాబ్దపు వెనిస్ జీవితాన్ని చూపే మ్యూజియం. 1936లో ప్రజల కోసం తెరిచారు, ఎవరైనా టికెట్ కొనుక్కుని చూడొచ్చు.

అపోహ: ఇలాంటి భవనాలన్నీ తరతరాల రాచకుటుంబాలవి.

వెనిస్ ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఈ భవనాన్ని 1649లో బోన్ అనే ప్రభువంశం కోసం లోంగెనా అనే వాస్తుశిల్పి మొదలుపెట్టాడు. 1682లో ఆయన పోయేనాటికి కూడా పని సగంలోనే ఉంది. ఆ వంశం దగ్గర డబ్బు లేకపోయింది. చివరికి కొన్నది రెజ్జోనికోలు. వాళ్లు వ్యాపారం, వడ్డీ లావాదేవీలతో ఎదిగినవాళ్లు. వెనిస్ ప్రభువర్గంలో చోటు కూడా 1687లో సొమ్ము కట్టి సంపాదించుకున్నదే. మస్సారి అనే వాస్తుశిల్పి 1756కల్లా భవనాన్ని పూర్తి చేశాడు. రెండేళ్లకు ఆ ఇంటి బిడ్డ కార్లో పోప్ అయ్యాడు. కొత్తగా పైకొచ్చిన కుటుంబం తన స్థాయిని ఊరందరికీ చూపించుకోవాలి. అందుకే మస్సారి పై అంతస్తు నేలను తీయించేసి రెండంతస్తుల ఎత్తున ఈ ఒక్క హాలు కట్టాడు.

అపోహ: ఆ స్తంభాలు, కమానులు అన్నీ పాలరాయి.

కా రెజ్జోనికోలో గోడల మీద మీరు చూసే స్తంభాల్లో చాలావాటిని చేత్తో తాకితే చదునైన గోడే తగులుతుంది. అది బొమ్మ. నీడ ఎటు పడాలో కిటికీల వెలుగును బట్టి లెక్కగట్టి వేసిన బొమ్మ. గదిని దాని అసలు కొలతకన్నా పెద్దదిగా చూపించడమే దాని పని.

వేరే భవనాల్లో నిజంగా ఉబ్బెత్తు స్తంభాలే ఉన్నా, అవి తరచూ స్కాల్యోలా. జిప్సం పొడి, జంతువుల జిగురు, రంగులు కలిపి ముద్ద చేసి, రాతి చారలు వచ్చేలా పొరలు పొరలుగా అద్ది, ఆరాక రోజుల తరబడి అరగదీసి, నూనె లేదా మైనం పట్టిస్తారు. దీన్ని చౌకబారు నకిలీ అనడం నాకు బాధ కలిగిస్తుంది. ప్రకృతిలో దొరకని రంగుల రాయిని సైతం చేయగలిగిన పని అది. గుర్తుపట్టాలంటే అరచేయి ఆనించండి (అనుమతి ఉన్నచోట మాత్రమే): అసలు రాయి చల్లగా తగులుతుంది, స్కాల్యోలా అంత చల్లగా ఉండదు.

అపోహ: పైకప్పు రాతి కమాను.

ఇటలీ భవనాల్లో ఎన్నో "కమాను" కప్పులు నిజానికి వేలాడే కప్పులు. వంపు తిరిగిన చెక్క పక్కటెముకలకు రెల్లు గడల తడికె కొట్టి, దాని మీద కింద నుంచి గార పూస్తారు. మనూళ్లో తడికెకు మట్టి మెత్తడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేలిక కాబట్టి గోడల మీద బరువు పడదు. కానీ పైన పెంకు ఒకటి జారి నీళ్లు దిగితే ముందు రెల్లు కుళ్లుతుంది, గార డొల్లవుతుంది. అందుకే నేను ఏ హాలులోకి వెళ్లినా చిత్రం కన్నా ముందు అటక చూస్తాను. వెనిస్ అనగానే వరదనీళ్ల గురించి అడుగుతారు. బాల్‌రూమ్ పై అంతస్తులో ఉంటుంది, దాని కప్పుకు ముప్పు ఎక్కువగా పైనుంచే.

అపోహ: ఒక మహాచిత్రకారుడు ఒంటరిగా వేశాడు. ఫ్రెస్కో అంటే గోడ మీద పెయింటింగ్, అంతే.

కా రెజ్జోనికో కప్పు మీద సూర్యదేవుడి రథం, చుట్టూ నాలుగు ఖండాలు ఉంటాయి. ఆ మూర్తులు క్రొసాటో అనే చిత్రకారుడివి. చుట్టూ ఉన్న బొమ్మ కట్టడం మాత్రం వేరే నిపుణుడి పని. అప్పట్లో మూర్తులు వేసేవాడు వేరు, లోతు ఉన్నట్టు భ్రమ కలిగించే కట్టడాల బొమ్మలు వేసేవాడు వేరు, గారబొమ్మలు చేసేవాడు, బంగారు రేకు అద్దేవాడు వేర్వేరు.

వీళ్లందరిమీదా పెత్తనం సున్నానిది. ఫ్రెస్కో అంటే తడి గార మీద వేసే బొమ్మ. తడి గార మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతూ రంగును తనలో బంధించుకుంటుంది. జిగురు అక్కర్లేదు. అయితే గార తడి ఆరేలోపు పని ముగియాలి. అందుకని ఆ రోజు వేయగలిగినంత మేరకే గార పూస్తారు. దాన్ని జోర్నాతా అంటారు, అంటే ఒక రోజు పని. సాయంత్రం మిగిలిన గారను అంచు వెంబడి కోసేస్తారు. ఆకాశం పెద్ద ముక్క, ముఖం చిన్న ముక్క. తప్పు పడితే తుడిచే వీలు లేదు, గారతో సహా కొట్టేయాల్సిందే.

సున్నపు ఘాటుకు నిలిచే రంగులే ఇక్కడ పనికొస్తాయి: పసుపు మన్ను, ఎర్రమన్ను, ఆకుపచ్చ మన్ను వంటివి. నిలవని కొన్ని నీలాలను గార ఆరాక జిగురుతో పైన వేసేవారు. శతాబ్దాలు గడిచాక ముందుగా రాలేవి అవే. ఎక్కడైనా దేవత పైట మీద నీలం మాత్రం రాలి, ముఖం చెక్కుచెదరకుండా ఉంటే కారణం ఇది.

అపోహ: కిలోల కొద్దీ బంగారం.

ఇప్పటి బంగారు రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. చదరపు మీటరుకు 2 గ్రాములు దాటదు. 100 చదరపు మీటర్లు అద్దినా 200 గ్రాములు, అంటే 20 తులాలు. పాతకాలపు రేకు కాస్త మందం, రెట్టింపు వేసుకోండి. ఖర్చంతా కింద ఉన్న పనిలో ఉంది: చెక్క మీద సుద్ద, జిగురు కలిపిన పూతలు ఒకదానిపై ఒకటి, వాటిమీద ఎర్రమన్ను, దానిపై రేకు, చివర అగేట్ రాయితో మెరుగు. కొన్నిచోట్ల అది బంగారమే కాదు, వెండి రేకు మీద పసుపు వార్నిష్.

అపోహ: మురానో గాజు షాండ్లియర్ల కింద హాలు పట్టపగలులా వెలిగేది.

మురానో అంటే వెనిస్ పక్కన గాజుపనికి పేరుపొందిన దీవి. కానీ ఈ బాల్‌రూమ్ షాండ్లియర్లు గాజువి కావు. బంగారు పూత వేసిన చెక్క, లోహం. పేరుమోసిన గాజు షాండ్లియర్ అదే భవనంలో మరో గదిలో ఉంది. ఇక వెలుగు సంగతి: ఒక కొవ్వొత్తి ఇచ్చేది సుమారు 12 ల్యూమెన్లు (వెలుగును కొలిచే ప్రమాణం). మనింట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి డెబ్బై, ఎనభై కొవ్వొత్తులతో సమానం. అంత మసక హాలులో కదిలే మంటను పట్టుకుని గదంతా పంచడానికే ఆ బంగారం. ఇవాళ్టి తెల్లని దీపాల కింద చూసి "మరీ మెరుపు ఎక్కువ" అనుకోవడం ఆ పనివాళ్లకు అన్యాయం.

అపోహ: పునరుద్ధరణ అంటే కొత్తదానిలా చేయడం. సిమెంటు గట్టిది, అదే మంచిది.

ఈ రెండో మాట వల్ల జరిగిన నష్టం నేను నా చేతులతో తవ్వి తీశాను. ఒక పల్లె విల్లా హాలులో నాకు ముందెప్పుడో ఎవరో పగుళ్లను సిమెంటుతో నింపారు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు, పైగా లవణాలను తనతో తెస్తుంది. ఆ లవణాలు పక్కనున్న మెత్తని సున్నంలో స్ఫటికాలై రంగును పిండిలా రాల్చాయి. నాలుగు చేతివేళ్లంత పగులు కోసం చుట్టూ రెండు జానల బొమ్మ పోయింది. చిన్న ఉలితో మూడు వారాలు తీశాం.

మేము చేసేది ఇది: వేలి కణుపుతో గోడను తడుతూ డొల్ల ఎక్కడుందో వింటాం. అక్కడ సూదితో పల్చని సున్నపు ద్రావణం ఎక్కిస్తాం. బొమ్మ పోయినచోట ఊహించి కొత్త బొమ్మ వేయం. 1939లో రోమ్‌లో చేజరే బ్రాండి అనే కళా పునరుద్ధరణ నిపుణుడి నేతృత్వంలో మొదలైన పునరుద్ధరణ సంస్థ నేర్పిన పద్ధతిలో, నీటిరంగుతో సన్నని నిలువు గీతలు గీస్తాం. పది అడుగుల దూరం నుంచి అవి చిత్రంలో కలిసిపోతాయి. దగ్గరికి వస్తే ఇది పాతది, ఇది తర్వాతది అని కళ్లకు తెలుస్తుంది. రేపు ఎవరైనా తుడిచేయాలన్నా తడి స్పంజి చాలు.

మీరు ఎప్పుడైనా కా రెజ్జోనికోకి వెళ్తే, ముందు ద్వారం దగ్గర ఆగకుండా హాలు మధ్యకు నడవండి. బొమ్మ స్తంభాలు గోడల మీద సరిగ్గా నిలబడేది అక్కడి నుంచే. తర్వాత గోడ పక్కకు జరిగి, కిటికీ వెలుగు ఏటవాలుగా పడే కోణంలో చూడండి. గారలో సన్నని అతుకు గీత కనిపిస్తే, అది ఎవరో ఒక సాయంత్రం పని ఆపి తాపీ కడుక్కున్న చోటు.