మూన్‌లైట్ సొనాటా వాయించడానికి ఏడవక్కర్లేదు

పోయిన వారం ఒకావిడ ఫోన్ చేశారు. కూతురికి పద్నాలుగేళ్లు, బీథోవెన్ పియానోకి రాసిన మూన్‌లైట్ సొనాటాలో మొదటి మూవ్‌మెంట్, అంటే మొదటి భాగం, నేర్చుకుంటోంది. "నోట్స్ అన్నీ వచ్చేశాయి మేడమ్, ఫీలింగే రావట్లేదట. వాళ్ల టీచర్ అన్నారు. అది లవ్ ఫెయిల్యూర్ పీస్ కదండీ, ఇంత చిన్నపిల్లకి ఎలా వస్తుంది?" అని అడిగారు. వెనకాల ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదైనా వస్తాయి, ఇక ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను.

అపోహ: బీథోవెన్ ప్రేమలో ఓడిపోయి రాశాడు, ఆ బాధ తెలిసినవాళ్లకే ఇది పలుకుతుంది.

వాస్తవం: ముందు తారీఖులు చూడండి. రాసింది 1801లో, వియన్నాలో అచ్చయింది 1802లో. అంకితం ఇచ్చింది ఆయన దగ్గర పియానో నేర్చుకున్న జూలియెట్టా గ్విచ్చార్డికి, నిజమే. 1801 నవంబరులో స్నేహితుడు వేగెలర్‌కి రాసిన ఉత్తరంలో, ఒక ముచ్చటైన అమ్మాయి తనని ప్రేమిస్తోందనీ, తనకీ ఆమె అంటే ప్రేమేననీ, రెండేళ్ల తర్వాత మళ్లీ కాస్త సంతోషం దొరికిందనీ, కాకపోతే ఆమెది తన అంతస్తు కాదనీ చెప్పుకున్నాడు. పేరు రాయలేదు, జూలియెట్టానే అని అందరి ఊహ. ఆమె వేరే అతన్ని పెళ్లి చేసుకున్నది 1803లో, అంటే సొనాటా అచ్చయ్యాక. పైగా ఆమే ముసలితనంలో చెప్పింది: తనకి ముందు ఇచ్చింది రొండో అనే వేరే పీస్ అట, అది ఇంకొకరికి అంకితం ఇవ్వాల్సొచ్చి, తీసుకుని, బదులుగా ఈ సొనాటా ఇచ్చాడట. దీన్ని పట్టుకుని మనవాళ్లు అల్లిన కథలు వింటే ఆవిడే నవ్వుకునేది.

బాధ లేదని నేననను. అదే ఏడాది జూన్‌లో అదే స్నేహితుడికి, చెవుల్లో రాత్రీ పగలూ హోరు వినిపిస్తోందనీ, జనంలోకి వెళ్లడం మానేశాననీ రాశాడు పాపం. ముప్పై ఏళ్ల సంగీతకారుడికి అంతకన్నా భయం ఏముంటుంది? కానీ ఏ బారులో, అంటే నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య ఏ గడిలో, ఏ బాధ దాచాడో చీటీ రాసి పెట్టలేదు. రాసిపెట్టింది వేరే ఉంది. పేజీ పైనే ఇటాలియన్‌లో, ఈ పీస్ మొత్తం అతి సున్నితంగా, 'సెంజా సొర్దినో' వాయించాలి అన్నాడు. సెంజా అంటే లేకుండా, సొర్దినో అంటే ఇక్కడ డాంపర్లు, తీగల మీద ఆని నాదాన్ని ఆపే మెత్తలు. ఇది తెలియక చప్పుడు తగ్గించే ఎడమ పెడల్ తొక్కుకుంటూ కూర్చునే పిల్లలు నాకు ప్రతి బ్యాచ్‌లో తగులుతారు. డాంపర్లు లేపి ఉంచమని, అంటే కుడి పెడల్ తొక్కమని ఆయన చెప్పింది. అప్పటి పియానోల్లో నాదం త్వరగా ఆరిపోయేది కాబట్టి సరిపోయింది. ఇప్పటి పియానో మీద చివరిదాకా అలాగే తొక్కి ఉంచితే అంతా కలగాపులగం, అందుకని ఎడమచేతి బేస్ నోట్ మారినప్పుడల్లా పెడల్ మార్చుకోండి.

ఇక ఆ ఫీలింగ్ ఎక్కడుందంటే, కుడిచేతి చిటికెన వేలిలో ఉంది. అదే చెయ్యి ట్రిప్లెట్లూ, అంటే మూడేసి నోట్ల గుత్తులూ వాయించాలి, వాటి మీద మెలొడీనీ పలికించాలి. ఐదో బారు చివర్లో మొదలయ్యే ఆ జీ షార్ప్‌లు చూడండి, నోట్ మారదు, ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ నోట్‌కి కింద ట్రిప్లెట్ల కన్నా ఒక పిసరు బరువు ఎక్కువ పడకపోతే మెలొడీ ఉందని కూడా వినేవాడికి తెలియదు. మా క్లాసులో పిల్లలతో చిటికెన వేలు మాత్రం గట్టిగా మోగించి, మిగతా వేళ్లని కీల మీద చప్పుడు రాకుండా ఊరికే తాకిస్తాను. విసుగు పుట్టే పని. రెండు వారాలు చేస్తే ఇంట్లోవాళ్లు వంటగదిలోంచి తొంగిచూసి "ఇప్పుడు భలే ఉందే" అంటారు.

నేనూ ఆ బాధ పడ్డదాన్నే. మా టీచర్ ఒకాయన "ఎవరైనా పోయినవాళ్లని తలుచుకుని వాయించు" అన్నారు. మా అమ్మమ్మని తలుచుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది, భుజాలు బిగుసుకుపోయాయి, అప్పుడు రికార్డు చేసిన క్యాసెట్ ఇప్పుడు వింటే ట్రిప్లెట్లు రోలూ రోకలీ లాగా ఉంటాయి.

మిగతావి గబగబా. వెన్నెల పేరు ఆయనది కాదు, రెల్‌స్టాబ్ అనే విమర్శకుడు సరస్సు మీద వెన్నెలతో పోల్చాడు, అది అంటుకుపోయింది. ఆయన పెట్టింది 'ఫాంటసీ లాంటి సొనాటా' అనే. చూపులేని అమ్మాయి ఇంట్లో వెన్నెల్లో ఆశువుగా వాయించాడన్న కథకి ఒక్క ఆధారమూ లేదు, దయచేసి స్టేజీ మీద యాంకర్లతో అది చదివించకండి. పూర్తి చెవుడుతో రాశాడన్నదీ తప్పే, 1808లో కూడా జనం ముందు కచేరీలో వాయించాడు. ఎంత నెమ్మదైతే అంత భావం అనుకుంటారు, కానీ తాళం గుర్తు బారుకి రెండు లెక్కలనే చెబుతోంది, పన్నెండు నోట్లూ పన్నెండు దెబ్బల్లా లెక్కపెడితే ఈడ్చుకుపోతుంది. ఇది తేలిక సొనాటా అనేవాళ్లు మూడో మూవ్‌మెంట్ తెరిచి చూడాలి. బీథోవెన్‌దే ఇంకో పీస్ ఫ్యూర్ ఎలీస్‌లో ఆ ఎలీస్ ఎవరని కూడా నన్ను అడక్కండి, అది అచ్చయిందే 1867లో, ఆ అమ్మాయి ఎవరో ఈరోజుకీ తేలలేదు.

ఇంతకీ ఆ ఫోన్ సంగతి. వీడియో కాల్‌లో వాయించమన్నాను. నోట్స్ చక్కగా ఉన్నాయి, లెక్కా బాగుంది, కానీ ప్రతి నోటూ ఒకే సైజు, మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా తేడా లేదు. అనుమానం వచ్చి కీబోర్డు చూపించమన్నాను. 61 కీలది, నొక్కిన బరువుని బట్టి చప్పుడు మార్చే టచ్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది! ఆ పిల్ల ఎంత ఏడ్చినా దాంట్లోంచి ఫీలింగ్ ఎలా వస్తుంది? అదీకాక రెండో బారుకే బేస్‌లో కింది 'బీ' ఆ కీబోర్డులో లేదు, దాన్ని ఒక ఆక్టేవ్ పైకి జరిపి వాయిస్తోంది పాపం. టచ్ ఆన్ చేయించాను. కింది బేస్ కోసం శనివారాలు మా ఇంటికి రమ్మన్నాను, పాత అప్‌రైట్ పియానో ఉంది, ఒక డాంపర్ కిర్రుమంటుంది గానీ పనిచేస్తుంది.